కరెంటు పోయినా మందును వదలని కార్ట్రిడ్జ్: ఒయాసిస్ హెచ్‌ఎల్‌బితో నా పద్నాలుగు నెలలు

పోయిన ఏడాది మే నెల, మధ్యాహ్నం రెండున్నర. తిరుపతిలో ఆ ఎండకు కపిలతీర్థం రోడ్డు మీద కూడా జనం పలచబడిపోతారు. మా కాలేజీ ల్యాబ్‌లో వాక్యూమ్ మానిఫోల్డ్ మీద, అంటే గాలి లాగి ద్రవాన్ని కిందికి దించే గాజు డబ్బా మీద, పన్నెండు సి18 కార్ట్రిడ్జులు బిగించాను. ఇవి నమూనాలోంచి మందును పట్టి ఉంచే, పొడి నింపిన చిన్న గొట్టాలు. వాటిలో మిథనాల్ పోసి, తర్వాత నీళ్ళు పోసి, ఇక మూత్రం నమూనాలు ఎక్కిద్దాం అనుకునేలోపు కరెంటు పోయింది. మందును విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్‌కి యూపీఎస్ ఉంది, వాక్యూమ్ పంపుకి లేదు. అందులో నడుస్తున్న నమూనా ఏమైందోనని మెషిన్ దగ్గరికి పరుగెత్తాను. పంపు ఆగినా మానిఫోల్డ్ గాజు డబ్బాలో మిగిలిన వాక్యూమ్ కాసేపు లాగుతూనే ఉంటుంది. తిరిగి వచ్చేసరికి పన్నెండింటిలోనూ నీళ్ళు దిగిపోయి, లోపలి పొడి ఎండిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చేసే ఓపిక లేక నమూనాలు అలాగే పోసేశాను. రాత్రి ఎనిమిదింటికి ఫలితాలు చూశాను. ఒకే మూత్రంలో ఒకే మోతాదు సిప్రోఫ్లాక్ససిన్ కలిపి పెట్టుకున్న మూడు చెక్ నమూనాలు మూడు రకాలుగా వచ్చాయి. ఒకదానిలో నేను కలిపిన మందు సగం కూడా లేదు.

మిగతా తొమ్మిదీ చిత్తూరు వైపు పల్లెల్లో పాడి పెట్టుకున్న ఇళ్ళవాళ్ళు నన్ను నమ్మి ఇచ్చిన నమూనాలు. తెల్లవారుజామున లేచి, సీసాలో పట్టి, నేను వచ్చేదాకా నీడలో దాచి ఇచ్చారు. మీవి పాడయ్యాయి, మళ్ళీ ఇవ్వండి అని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. సి18కి బదులు, ఎండినా పనిచేస్తాయని చెప్పే ఒయాసిస్ హెచ్‌ఎల్‌బి రకం కార్ట్రిడ్జులు కొనాలని తీర్మానించుకున్నది ఆ రాత్రే. పద్నాలుగు నెలలు వాడాను. వంద కార్ట్రిడ్జుల పెట్టె అయిపోవచ్చింది. మన దగ్గర ఈ పని చేసే పీహెచ్‌డీ పిల్లలకు, ఎం.ఫార్మసీ ప్రాజెక్టులవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను ఫార్మసీ కాలేజీలో అనాలసిస్ పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. మనిషి మూత్రంలో యాంటీబయాటిక్ ఎంత ఉందో లిక్విడ్ క్రొమటోగ్రఫీతో, అంటే ఆ హెచ్‌పీఎల్‌సీ మెషిన్‌తో, కొలవడం నా పని. ఇందులోకి రావడానికి కారణం మా నాయన. నాలుగేళ్ళ కిందట ఆయనకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రెండు రోజులు వేసుకుని, మంట తగ్గిందని మానేశాడు. వారం తిరగకముందే చలిజ్వరం. కల్చర్ రిపోర్టులో సిప్రోఫ్లాక్ససిన్ పేరుకు ఎదురుగా 'ఆర్' అక్షరం ఉంది. అంటే ఆ క్రిమి ఆ మందుకు లొంగదని. పదకొండు రోజులు ఆసుపత్రి మంచం మీద సూదులు వేయించుకున్నాడు. మా ఇంట్లో ఆవులకు పొదుగువాపు వస్తే డాక్టరు వేసే ఎన్రోఫ్లాక్ససిన్ కూడా ఆ కుటుంబపు మందే. ఆవు ఒంట్లో అది కొంత సిప్రోఫ్లాక్ససిన్‌గా మారుతుంది. ఆ సంగతి పుస్తకంలో చదివినప్పుడు పరీక్షకు గుర్తుపెట్టుకున్నాను. నాయన మంచం పక్కన కూర్చున్నప్పుడు మాత్రం వేరేగా గుర్తొచ్చింది.

కొనబోయేవాళ్ళకు ముందుగా ఒక మాట. మాత్రలు వాడుతున్న రోగుల మూత్రం కొలవడమే మీ పని అయితే ఈ పెట్టె కొనకండి, డబ్బు దండగ. 500 మిల్లీగ్రాముల సిప్రో మాత్ర మింగాక మొదటి రెండు గంటల్లో మూత్రంలో ఆ మందు మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు దాటుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు గంటల మధ్య కూడా సుమారు 30 ఉంటుంది. మింగినదానిలో 40 నుంచి 50 శాతం ఏ మార్పూ లేకుండా మూత్రంలోనే బయటికి వస్తుంది. లెవోఫ్లాక్ససిన్ అయితే 48 గంటల్లో 87 శాతం దాకా వస్తుంది. ఇంత మందు ఉన్నప్పుడు సెంట్రిఫ్యూజ్ చేసి, మొబైల్ ఫేజ్‌తో (మెషిన్‌లో నడిపే ద్రవంతో) నూరింతలు పల్చన చేసి, ఫిల్టర్ చేసి ఇంజెక్ట్ చేస్తే చాలు. ఆజిత్రోమైసిన్ లాంటిది వేరే కథ. అది ఎక్కువగా పైత్యరసం దారిలో పోతుంది, మూత్రంలోకి వచ్చేది కొంచెమే.

కార్ట్రిడ్జ్ అవసరమయ్యేది రెండో రకం పనికి. నా నమూనాల్లో ఎక్కువ భాగం నెల రోజులుగా ఏ యాంటీబయాటిక్ మాత్రా వేసుకోని మనుషులవి. తిండి ద్వారా, పశువుల పని ద్వారా ఒంట్లోకి ఏమైనా చేరుతోందా అన్నది నా ప్రశ్న. ఉంటే గింటే మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్క. ఎన్రోఫ్లాక్ససిన్ మనుషులకు ఇచ్చే మందు కాదు. అది మనిషి మూత్రంలో కనబడితే ఆ మనిషి మాత్ర మరచిపోయి చెప్పలేదని అనుకోవడానికి వీల్లేదు, పశువు దారినే వచ్చి ఉండాలి. అందుకే నాకు సిప్రో కంటే ఎన్రో పీక్ (మెషిన్ గీసే గ్రాఫ్‌లో ఆ మందు చూపే శిఖరం) మీద కన్ను ఎక్కువ.

ఇంత చిన్న మొత్తాన్ని మూత్రంలో పట్టుకోవడం ఎందుకు కష్టమో మొదటి క్రొమటోగ్రామ్, అంటే ఆ గ్రాఫ్, చూస్తే తెలుస్తుంది. యూరియా, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, పసుపు రంగునిచ్చే పదార్థాలు, పొద్దున తాగిన కాఫీ అవశేషాలు అన్నీ ముందే వచ్చి కొండలా నిలబడతాయి. యూవీ డిటెక్టర్‌ను 278 నానోమీటర్ల దగ్గర పెడితే వాటిలో చాలా వరకు అక్కడే కనబడతాయి. ఫ్లోరోక్వినొలోన్లు (సిప్రో, ఎన్రోల కుటుంబపు మందులు) స్వయంగా మెరుస్తాయి కాబట్టి నేను ఫ్లోరసెన్స్ డిటెక్టర్‌కి మారాను. 280 దగ్గర వెలుగు వేసి 450 దగ్గర చూస్తాను. దాంతో చాలా గోల తగ్గింది. కానీ చెత్తను ముందే కడిగేసి, మందును చిక్కబరిచే పని డిటెక్టర్ చెయ్యలేదు. అది కార్ట్రిడ్జ్ పని.

దీని లోపల ఉండేది సిలికా కాదు, పాలిమర్ పొడి. డైవినైల్‌బెంజీన్, ఎన్-వినైల్‌పైరాలిడోన్ అనే రెండింటిని కలిపి చేసింది. మొదటిది నూనె గుణం ఉన్న అణువులను పట్టుకుంటుంది, రెండోది నీటితో స్నేహంగా ఉంటుంది. వాటర్స్ కంపెనీ 1996లో దీన్ని బజారులోకి తెచ్చింది. సి18 కార్ట్రిడ్జ్‌లో సిలికా మీద పొడుగాటి కార్బన్ తోకలుంటాయి. మిథనాల్‌తో తడిపినంతసేపే నీటి నమూనా ఆ రంధ్రాల్లోకి వెళ్ళగలదు. ఎండిపోతే నీరు లోపలికి దిగదు, పక్కనుంచి జారిపోతుంది. దానితోపాటు మందూ పోతుంది. ఆ మే నెల మధ్యాహ్నం నాకు జరిగింది అదే. హెచ్‌ఎల్‌బి పాలిమర్‌లో నీటిని ఇష్టపడే భాగం ఉండడం వల్ల కాస్త ఎండినా మళ్ళీ తడిసి పని మొదలుపెడుతుంది.

కంపెనీ పుస్తకంలో రాసింది కదా అని నమ్మి ఊరుకోలేదు. పెట్టె రాగానే ఆరు హెచ్‌ఎల్‌బి, మిగిలిపోయిన ఆరు సి18 తీసుకున్నాను. ఒక్కో రకంలో మూడింటిని తడిగా ఉంచాను. మిగతా మూడింటిని కండిషనింగ్ (మిథనాల్, నీళ్ళతో తడపడం) అయ్యాక పంపు ఆన్‌లో పెట్టి పది నిమిషాలు గాలి లాగించాను. అన్నిట్లోనూ సిప్రో, ఎన్రో కలిపిన ఒకే మూత్రం పోశాను. హెచ్‌ఎల్‌బి ఆరూ 90 నుంచి 95 శాతం మధ్యలో తిరిగి ఇచ్చాయి. తడివేవో, ఎండినవేవో రిజల్ట్ చూసి చెప్పలేము. ఎండిన సి18లు ఒకటి 40 శాతం లోపు, ఒకటి 70 దగ్గర, మూడోది ఆ మధ్యలో. ఇవి మా ల్యాబ్ లెక్కలు, మీ దగ్గర కొంచెం అటూఇటూ ఉండొచ్చు. కానీ ఆ కాగితం చూసిన రోజు నాకు నిజంగా కళ్ళనీళ్ళు వచ్చాయి. పోయిన నమూనాలు గుర్తొచ్చాయి.

రికవరీ, అంటే కలిపిన మందులో తిరిగి దొరికే శాతం, నూటికి నూరు రావాలని చాలామంది పిల్లలు టెన్షన్ పడతారు. అక్కర్లేదు. ఇలాంటి కొలతలకు 2022లో ఖరారైన అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ ఎం10 కూడా నూరు శాతం అడగదు, ప్రతిసారీ ఒకేలా రావాలంటుంది. క్వాలిటీ కంట్రోల్ నమూనాలు అసలు విలువకు 15 శాతం లోపల ఉండాలి, కొలవగలిగే అతి తక్కువ మోతాదు దగ్గర 20 శాతం దాకా ఫరవాలేదు. అందుకే 95 ఒకరోజు, 60 ఒకరోజు ఇచ్చేదాని కంటే రోజూ 80 ఇచ్చేది నాకు మేలు. ఈ కార్ట్రిడ్జ్ మీద నాకు గురి కుదిరింది ఆ నిలకడ వల్లనే.

నేను చేసే పద్ధతి చెబుతాను. నేను వాడేది 3 మి.లీ. గొట్టంలో 60 మి.గ్రా. పొడి ఉన్న సైజు. 2 మి.లీ. మూత్రం తీసుకుని సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన దానికి అంతే ఫాస్ఫేట్ బఫర్ కలుపుతాను. కార్ట్రిడ్జ్‌ను 2 మి.లీ. మిథనాల్‌తో, 2 మి.లీ. నీళ్ళతో తడిపి, నమూనాను సెకనుకు ఒక చుక్క చొప్పున దించుతాను. తొందరపడి వాక్యూమ్ పెంచితే మందు పొడికి అంటుకునే వ్యవధి ఉండదు. నీళ్ళలో 5 శాతం మిథనాల్ కలిపి కడుగుతాను. యూరియా, లవణాలు ఇక్కడే పోతాయి. తర్వాత కొంచెం ఫార్మిక్ యాసిడ్ కలిపిన మిథనాల్ 2 మి.లీ.తో మందును దించి, నైట్రోజన్ కింద 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, అర మి.లీ. మొబైల్ ఫేజ్‌లో కరిగిస్తాను. రెండు మి.లీ.లో ఉన్న మందు అర మి.లీ.లోకి వస్తుంది, నాలుగింతలు చిక్కబడినట్టు. ఇక మెషిన్‌లో మందులను విడదీసే గొట్టం, అంటే కాలమ్ మీద ఫాస్ఫారిక్ యాసిడ్ బఫర్‌ను ట్రైఇథైలమీన్‌తో పీహెచ్ 3కి తెచ్చి అసిటోనైట్రైల్‌తో నడుపుతాను. ట్రైఇథైలమీన్ లేకపోతే సిప్రో పీక్‌కు తోక సాగుతుంది. ఎండ వెలుగు తగిలితే ఈ మందులు చెడిపోతాయి కాబట్టి గోధుమరంగు సీసాలు, లేదంటే అల్యూమినియం ఫాయిల్ తప్పనిసరి.

మొదట్లో రెండు కార్ట్రిడ్జులు మూసుకుపోయాయి. తప్పు వాటిది కాదు, నాది. ఫ్రిజ్‌లోంచి తీసిన మూత్రంలో లవణాలు పేరుకుని అడుగున తెల్లగా, ఇటుక రంగుగా దిగుతాయి. గది వేడికి రానిచ్చి, బాగా కలిపి, సెంట్రిఫ్యూజ్ చెయ్యకుండా పోస్తే పైన ఫిల్టరు దగ్గరే ఆగిపోతుంది. వేసవిలో మన ఊళ్ళవాళ్ళ మూత్రం ఇంకా చిక్కగా ఉంటుంది. చేలో పనిచేసే మనిషి పొద్దున్నుంచి తాగింది ఒక చెంబు నీళ్ళే అయితే మందు ఎక్కువగా ఉన్నట్టు కనబడుతుంది, నిజానికి తగ్గింది నీరు. అందుకే ఒంట్లోంచి రోజూ దాదాపు ఒకే మొత్తంలో బయటికి వచ్చే క్రియాటినిన్‌ను కూడా ప్రతి నమూనాలో కొలిచి, దాని లెక్కన సరిచేస్తాను. మేలో తెచ్చిన నమూనాలను డిసెంబరు నమూనాలతో పోల్చాలంటే వేరే దారి లేదు.

ఇంటర్నల్ స్టాండర్డ్ విషయంలో, అంటే లెక్కకు కొలబద్దగా ప్రతి నమూనాలో తెలిసిన మోతాదులో కలిపే వేరే పదార్థం విషయంలో, ఒక జాగ్రత్త. వ్యాసాల్లో చాలామంది నార్‌ఫ్లాక్ససిన్ వాడారు, నేనూ అదే కొన్నాను. తర్వాత పల్లెలో ఒక ఇంట్లో కిటికీ గూట్లో విరేచనాల మాత్రల అట్ట చూశాను. అందులో ఉన్నది నార్‌ఫ్లాక్ససినే. అది మన దగ్గర ప్రతి మందుల షాపులో దొరికే మందు. మనిషి ఒంట్లో ఉండే అవకాశం ఉన్నదాన్ని కొలబద్దగా పెడితే లెక్క తప్పుతుంది. ఆ సాయంత్రమే మార్చేశాను, ఇప్పుడు లోమెఫ్లాక్ససిన్ వాడుతున్నాను.

దీనితో అన్ని యాంటీబయాటిక్‌లూ ఒకేలా వస్తాయని అనుకోవద్దు. అమాక్సిసిలిన్ నీటితో ఎక్కువ కలిసిపోయే అణువు, ఈ పొడి దాన్ని అంత గట్టిగా పట్టదు. 5 శాతం మిథనాల్ వాష్‌లోనే కొంత జారిపోతుంది, నేను ఉత్త నీళ్ళతోనే కడిగాను. పైగా పెన్సిలిన్ కుటుంబపు మందులు మిథనాల్‌లో ఎక్కువసేపు ఉంటే వాటి అణువులోని ఉంగరం లాంటి భాగం తెగిపోతుంది. దించిన వెంటనే ఆరబెట్టాలి, రాత్రి వదిలేసి పొద్దున చూద్దాం అంటే కుదరదు. టెట్రాసైక్లిన్లు మూత్రంలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని కూర్చుంటాయి. ముందు ఆ లోహాలను తాను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం కలపాలి. నా పని క్వినొలోన్లతో కాబట్టి వీటి గురించి ఇంతకంటే అనుభవం లేదు.

డబ్బు సంగతి. చవక కాదు. ఒక్క కార్ట్రిడ్జ్ ఖర్చుతో ఇక్కడ ఇద్దరు కడుపునిండా భోజనం చెయ్యొచ్చు. ఒకసారి వాడి పారెయ్యాల్సిందే. కడిగి మళ్ళీ వాడదామని మా జూనియర్ ఒకరు అడిగారు, నేను ఒప్పుకోలేదు. నానోగ్రాముల్లో వెతికేచోట నిన్నటి మనిషి మూత్రం జాడ ఈ రోజు మనిషి లెక్కలోకి వస్తే, అది ఆ ఇద్దరికీ చేసే అన్యాయం. మాకు సరఫరా చేసిన బయటి ఊరి డీలరుతో మాత్రం ఇబ్బంది పడ్డాను. మూడు వారాలని చెప్పి తొమ్మిది వారాలు చేశారు. వచ్చింది చూస్తే 1 మి.లీ., 30 మి.గ్రా. సైజు. పర్చేజ్ ఆర్డర్‌లో 3 మి.లీ. అని స్పష్టంగా ఉంది. తిప్పి పంపి, సరైనది వచ్చేసరికి ఇంకో నెల. మీరు ఆర్డర్ పెట్టేటప్పుడు పేరుతోపాటు కేటలాగ్ నంబరు కూడా రాయండి, పెట్టె విప్పకముందే లేబుల్ ఫోటో తీసుకోండి.

ఈ నమూనాలు ఎలా వస్తాయో కూడా చెప్పాలి, ఎందుకంటే కార్ట్రిడ్జ్ విలువ నాకు తెలిసింది అక్కడే. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకున్నాక తెల్లవారి బస్సులో థర్మోకోల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని పూతలపట్టు వైపు వెళ్ళేదాన్ని. ఒక ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ సంతకం పెట్టే ముందు నన్ను నిలబెట్టి అడిగింది. "ఏం పాపా, మా ఉచ్చ ఎత్తకపోయి ఏం చేస్తావు? దాంట్లో మందు యాడ కనబడతాది?" వాళ్ళ మనవడి దగ్గర చాక్‌పీసు, నల్ల స్కెచ్ పెన్ను తీసుకున్నాను. చాక్‌పీసు చుట్టూ అడుగు నుంచి కాస్త పైన ఒక గీత గీసి, పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోసి నిలబెట్టాను. నీళ్ళు పైకి ఎక్కుతుంటే నల్ల గీతలోంచి నీలం ముందు, గులాబీ వెనక విడిపోయాయి. మిఖాయిల్ త్స్వెట్ అనే శాస్త్రవేత్త 1903లో వార్సాలో వివరించిన పద్ధతికి మూలం ఇదే. ఆయన కూడా సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ఆకుల రంగులను విడదీశాడు. అవ్వకు ఆ పేరు చెప్పలేదు, చాక్‌పీసు చూపించి "మా మిషన్‌లో కూడా ఇట్లనే అవ్వా, గొట్టం మాత్రం ఇనుముది" అన్నాను. ఆమె ఆ చాక్‌పీసును తిప్పి తిప్పి చూసి, "అట్లయితే మందు ఉంటే అదీ ఒక గీతై నిలబడతాదా?" అంది. నిలబడుతుందని చెప్పాను. సీసా తీసుకుంది.

ఇంకోచోట ఒకాయన, మూత్రంలో మందు ఉంటే అది పనికిమాలిన మందనా అని అడిగాడు. కాదన్నాను. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు మొదటి రోజుల్లో పెన్సిలిన్ ఎక్కించినప్పుడు మందు ఎంత కొరతగా ఉండేదంటే, ఆయన మూత్రం పట్టి అందులోని పెన్సిలిన్‌ను తీసి మళ్ళీ ఎక్కించారు. మందు చాలక మార్చి 15న ఆయన చనిపోయాడు. ఆ కథ విని, ప్రశ్న అడిగినాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ ఇంట్లో నలుగురి చేతా సీసాలు ఇప్పించాడు.

ఈ సీసాలు నా చేతికి వచ్చాక తప్పు జరిగితే బాధ్యత నాది. అందుకే మానిఫోల్డ్ మీద బిగించేది ఎలాంటిదో పట్టించుకోవడం మొదలుపెట్టాను. పోయిన ఏప్రిల్‌లో మళ్ళీ అలాగే కరెంటు పోయింది, మళ్ళీ ఎండిపోయాయి. ఈసారి చెక్ నమూనాలు మూడూ అసలు విలువకు పదిహేను శాతం తేడా లోపలే వచ్చాయి, ఆ రోజు ఎవరి నమూనా పోలేదు. పంపుకు ఇన్వర్టర్ పెట్టమని కూడా రాసి ఇచ్చాను, అది వేరే విషయం.

ఇంటికి సెలవులకు వెళ్ళినప్పుడు నాయన తనదీ ఒక సీసా ఇస్తానన్నాడు. ఎథిక్స్ నిబంధనల ప్రకారం నా కుటుంబంవాళ్ళని అధ్యయనంలో చేర్చకూడదని చెప్పాను. "ఊరికే చూడమ్మా" అన్నాడు. లెక్కలో కలపకుండా విడిగా చూశాను. ఆ రోజు పీక్ ఏదీ లేదు, చదునుగా గీత ఒక్కటే. ఫోన్ చేసి చెప్పాను.

పెట్టెలో ఇంకా పదకొండు మిగిలాయి. రెండో పెట్టె బుధవారం వచ్చింది. సైజు సరిగ్గానే ఉంది, లాట్ నంబరు వేరు. సోమవారం ఆరుగురు వేర్వేరు మనుషుల మందు లేని మూత్రాల్లో మందు కలిపి, పాత లాట్ పక్కన కొత్తది పెట్టి నడుపుతాను. అది తేలాకే పల్లె నమూనాలు దీని మీద పోస్తాను.